దింపుడు కళ్లం

ఇంటర్ చదివే రోజుల్లో, అంటే 2006 ప్రాంతంలో, నా ట్యూషన్ దారి వేయిస్తంభాల గుడి పక్క నుంచే. ఆ రోజుల్లోనే గుడికి దక్షిణంగా, నందికి అవతల ఉన్న కల్యాణ మండపాన్ని విప్పేశారు. "కూలగొట్టిన్రు" అని మా దోస్తులన్నారు, ఇంట్లో అమ్మ కూడా అదే మాట అంది. నాకూ అలాగే అనిపించింది. నిన్నటిదాకా నిలబడి ఉన్న స్తంభాలు ఇవాళ నేలమీద పడుకుని ఉంటే ఇంకేమనిపిస్తుంది? కానీ వాటి మీద అంకెలున్నాయి. ప్రతి రాయికీ ఒక నంబరు. దాన్ని ఎందుకు రాశారో ఆలోచించే వయసు కాదు, లేదా ఎంసెట్ తప్ప ఇంకేదీ ఆలోచించనివ్వని వయసు.

ఆ మండపం మళ్లీ లేచి నిలబడ్డానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. 2024 మార్చి 8న, శివరాత్రి రోజున, దాన్ని తిరిగి తెరిచారు. ఈ మధ్యలో నేను ఇంజనీరింగ్ చేశాను, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను, నాలుగు కంపెనీలు మారాను. వరంగల్ వాళ్లకి ఆ మండపం ఒక జోకైపోయింది. ఏ పనైనా ఆలస్యమైతే "ఏంది, వేయిస్తంభాల మండపమా?" అనేవాళ్లు. ఆ జోకు నేనూ చాలాసార్లు వేశాను. ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది. ఎందుకో చెప్పాలంటే ఒక లిఫ్టు గురించి చెప్పాలి.

అమ్మా బాపూ ఉండే అపార్ట్‌మెంట్ హనుమకొండలోనే, తొంభైల్లో కట్టింది. ఐదంతస్తులు, ఇనుప కొలాప్సిబుల్ గేటున్న లిఫ్టు, లోపల ఇత్తడి రంగు ప్లేటు మీద '6 మంది, 408 కేజీలు'. (మనిషికి 68 కేజీల చొప్పున లెక్క. ఆ లెక్కలో మా బాపు ఎప్పుడూ ఇమడలేదు.) అది ఆగిపోవడం మాకు అలవాటే గానీ, పోయినేడు స్పేర్ పార్టులు కూడా దొరకవని తేల్చి చెప్పారు. కొత్తది పెట్టాలి. కొత్తది పెట్టాలంటే పాతది తీయాలి. కొత్త లిఫ్టు కొటేషన్ పదకొండు పేజీలొచ్చింది: రంగు, అద్దం, ఫ్యాను, తలుపు ఎన్ని సెకన్లలో మూసుకుంటుంది, అన్నీ. అందులో పాత లిఫ్టు తీయడం గురించి ఒక్క లైనుంది. దాని పక్కన 'స్క్రాప్ విలువలో సర్దుబాటు' అని రాశారు. అంటే తీసేవాళ్ల కూలి, ఆ తీసిన ఇనుములోంచే.

"ఏం గాదు సార్, పొద్దుగాల మొదలువెడ్తె రెండొద్దులల్ల ఖాళీ జేస్తం," అన్నాడు కాంట్రాక్టరు. నాక్కూడా తొందరగానే ఉంది. అమ్మ మోకాళ్లతో మూడో అంతస్తు ఎక్కలేక మూడు వారాలుగా కిందికే దిగలేదు.

నలుగురొచ్చారు. ఇద్దరు పైన మెషీన్ రూంలో, ఒకడు కింద, ఒక కుర్రాడు లిఫ్టు డబ్బా నెత్తి మీద. పంతొమ్మిదేళ్లుంటాయేమో, కాళ్లకు హవాయి చెప్పులు. మధ్యాహ్నానికి డబ్బా తలుపూ, గోడల రేకులూ ఊడదీశారు. డబ్బాని ఒక అంతస్తు కిందికి జరపాలని పైనున్నాయన మోటారు బ్రేకుని చేత్తో వదిలించాడు. డబ్బా కిందికి రాలేదు. పైకి లేచింది. మెల్లగా మొదలై, గట్టిగా. కుర్రాడు గభాల్న కూర్చున్నాడు, అందరం అరిచాం, పైనాయన బ్రేకు వదిలిన చెయ్యి తీశాడు, ఆగింది. జరిగింది ఒకటిన్నర అడుగు. కుర్రాడి తలకీ పైనున్న ఇనుప దూలానికీ మధ్య ఎంత మిగిలిందో నేను కొలవలేదు. వాడు నవ్వాడు. టీ తాగొచ్చి మళ్లీ మొదలుపెడతామన్నారు.

నేను చదివింది కంప్యూటర్ సైన్స్. డబ్బా పైకెందుకు పోయిందో ఆ క్షణంలో నాకు తెలియదు. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది ఇది: లిఫ్టు అంటే తాడుకు వేలాడే డబ్బా అని మనం అనుకుంటాం, నిజానికి అది త్రాసు. ఒక పళ్లెంలో డబ్బా, రెండో పళ్లెంలో గోడవారన కిందికీ పైకీ తిరిగే ఇనుప దిమ్మల బరువు. ఆ దిమ్మలు ఖాళీ డబ్బాకి సమానంగా ఉండవు. డబ్బా బరువు, దానికి అదనంగా అది మోయగలిగిన బరువులో దాదాపు సగం. డబ్బా 700 కేజీలనుకుంటే, 408 కేజీల లిఫ్టుకి దిమ్మలు సుమారు 900 ఉంటాయి. సగం నిండిన లిఫ్టు సమతూకంలో ఉండి మోటారుకి శ్రమ తగ్గుతుందని అలా చేస్తారు. కాబట్టి ఖాళీ లిఫ్టుకి బ్రేకు వదిలితే అది పైకి పడుతుంది. ఇక రేకులూ తలుపులూ ఊడదీసి ఇంకో 150 కేజీలు తగ్గించామంటే, దాన్ని పైకి విసరడానికి మన చేతులతో మనమే ఏర్పాటు చేసినట్టు. మా వాళ్లు పొద్దుటి నుంచీ చేసింది సరిగ్గా అదే.

లిఫ్టుకి సేఫ్టీ ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. దాని చరిత్ర కూడా ఇంజనీరింగ్ పుస్తకాల్లో చాలా ఇష్టంగా చెప్పే కథ. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ఎగ్జిబిషన్‌లో ఎలీషా ఓటిస్ అనే మెకానిక్ ఒక వేదిక మీద నిలబడి దాన్ని పైకి లాగించుకుని, జనం చూస్తుండగా తాడు తెగ్గొట్టించుకున్నాడు. వేదిక కొద్దిగా జారి, పక్కనున్న పట్టాల పళ్లలో ఇరుక్కుని ఆగింది. మూడేళ్ల తర్వాత అదే ఊళ్లో హావౌట్ అనే దుకాణం భవనంలో మనుషులెక్కే లిఫ్టొచ్చింది. తర్వాత ఆకాశహర్మ్యాలు. ఐతే ఆ కథలో గమనించాల్సింది, ఓటిస్ ఆపింది కిందికి పడడాన్ని. పాత లిఫ్టుల సేఫ్టీ గేరు ఒక్క దిశలోనే పట్టుకుంటుంది. పైకి దూసుకుపోయే డబ్బాని కూడా ఆపే ఏర్పాటు తప్పనిసరి అని యూరప్ ప్రమాణాల్లో చేరింది 1998లో. అంతకు ముందరి లిఫ్టు మాది. పైగా దాన్ని విప్పుతున్నాం. విప్పడమంటే, ఆ సేఫ్టీని కూడా ఏదో ఒక క్షణంలో మనమే ఊడదీయడం. ఆ క్షణం తర్వాత ఏది దేన్ని పట్టుకుని ఉందో ముందే రాసుకుని ఉండాలి. మా దగ్గర ఒక లైను కాగితం తప్ప ఏమీ లేదు.

అప్పుడు గుర్తొచ్చాయి మండపం రాళ్ల మీద అంకెలు.

రాతి మండపాన్ని విప్పడం దాదాపు ఇలాంటి లెక్కే. సున్నం అతుకు మీద కాక, బరువు మీద బరువు ఆని నిలబడే కట్టడం అది. పైకప్పు రాళ్లు తీస్తే దూలాల మీద భారం మారుతుంది, దూలం తీస్తే స్తంభం ఒంటరవుతుంది. అప్పటికే పునాది కుంగి, స్తంభాలు ఒరిగి ఉన్న కట్టడమాయె. అందుకే పైనుంచి కిందికి, కట్టిన వరసకి సరిగ్గా ఎదురు వరసలో, ఒక్కో రాయికీ నంబరు వేసి దించారు. రాళ్లన్నీ దించాక ఇసుకపెట్టె పునాదిదాకా వెళ్లి, దాన్ని కొత్తగా వేసి, మళ్లీ మొదటి రాయి పెట్టారు. అన్నేళ్లు పట్టాల్సిందా అనే గొడవ వేరే. అందులో నిధులూ ఫైళ్లూ టెండర్ల కథ బోలెడుంది. కానీ ఆ పనిలో 'దించడం' అనేది ఎత్తడంతో సమానమైన పని. ఎందుకంటే దించినదాన్ని మళ్లీ పెట్టాలి. రాయి పగిలితే 1163 నాటి రాయి మళ్లీ రాదు.

ఇక్కడే నాకు ఇబ్బందికరమైన సంగతొకటి తట్టింది. మనకి దించడం చేతకాక కాదు. దాచుకోవాలనుకున్నదాన్ని చాలా జాగ్రత్తగా దించుతాం. పారేయాలనుకున్నదాన్ని ఎలాగైనా దించుతాం. ఆ 'ఎలాగైనా' అనే మాట ఎవడో ఒకడి నెత్తి మీద నిలబడి ఉంటుంది. రాయికి దక్కిన జాగ్రత్త వల్ల ఆ రాయి కింద పనిచేసిన మనిషికి కూడా రక్షణ దొరికింది. తుక్కు ఇనుముకి ఎవరూ నంబరు వేయరు కాబట్టి దాని మీద నిలబడ్డవాడికి ఏదీ దొరకదు.

వరంగల్ చరిత్రని ఈ వైపు నుంచి ఎవరైనా రాస్తే బాగుండు. మన చరిత్ర అంతా ఎత్తినవాళ్ల చరిత్ర. వేయిస్తంభాల గుడి శాసనంలో రుద్రదేవుడి విజయాలున్నాయి, శాసనం రచించిన అచింతేంద్రుడి పేరుంది. రాళ్లెత్తినవాళ్ల సంగతి అడగడం శ్రీశ్రీ మనకి నేర్పాడు, ఇప్పుడది వ్యాసరచన పోటీల్లో స్కూలు పిల్లలు కూడా అడుగుతారు. దించినవాళ్ల సంగతి ఎవరూ అడగరు. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లు కోట పట్టుకున్నాక, నడిమధ్యలో ఉన్న స్వయంభూ శివాలయం పోయి నాలుగు తోరణాలు మిగిలాయి. ఆ తోరణమే ఇప్పుడు మన ఊరి గుర్తు, బస్సుల మీదా బోర్డుల మీదా. మధ్యలో ఉన్న అంత గుడిని దించిన చేతులెవరివి? ఆ పనిలో కింద పడ్డవాళ్లెందరు? గెలిచినవాడి చరిత్రలోనూ లేదు, ఓడినవాడి చరిత్రలోనూ లేదు.

అంత వెనక్కి వద్దు. ఆజంజాహీ మిల్లు ఉంది. 1934లో ఏడో నిజాం తన పెద్ద కొడుకు ఆజం జా పేరుతో పెట్టించిన బట్టల మిల్లు. మా తాతల తరానికి ఆ సైరనే గడియారం. అదే 1934లో బ్రిటిష్ ఇండియాకి కొత్త ఫ్యాక్టరీల చట్టం వచ్చింది, నిజాం రాజ్యానికి అది వర్తించదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టం. అందులో 28వ సెక్షను పూర్తిగా లిఫ్టుల గురించే. చదివితే ఆశ్చర్యమేస్తుంది, అంత ఒద్దికగా రాశారు: ఆర్నెల్లకోసారి తెలిసినవాడు తనిఖీ చేయాలి, ఎంత బరువు మోస్తుందో దాని మీదే రాయాలి, మనుషుల్ని మోసే డబ్బాకి కనీసం రెండు తాళ్లుండాలి, తాళ్లు తెగినా డబ్బా ఆగే ఏర్పాటుండాలి. అంతా నడిచే లిఫ్టు గురించి. మిల్లు నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికెళ్లి, 1990లో మూతపడింది. మిల్లు నడిచిన రోజుల గురించి కథలున్నాయి, యూనియన్ల జ్ఞాపకాలున్నాయి, మూతపడ్డ బాధ మీద కవిత్వముంది. మగ్గాలూ యంత్రాలూ విప్పి లారీలకెక్కించిన రోజుల గురించి నేను ఒక్క పేజీ చదవలేదు. యంత్రం ఆగిపోగానే సాహిత్యం కూడా ఇంటికెళ్లిపోయింది, నాతో సహా.

తర్వాత సెంట్రల్ జైలు. నిజాం కాలం నాటిది, నూట ముప్పై ఏళ్లకు పైబడింది. 2021 జూన్‌లో ఖైదీల్ని వేరే జైళ్లకి పంపించి, ఆ గోడలు నేలమట్టం చేశారు. ఆ జాగాలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి అదే నెల శంకుస్థాపన. జైలు పోయి ఆసుపత్రి రావడం మంచిదా కాదా అని ఊరంతా వాదించుకుంది, నేనూ వాట్సాప్‌లో బాగానే వాదించాను. ఆ వాదన ఏదీ గోడ పక్కన నిలబడ్డవాళ్లదాకా రాలేదు. ఆ ఆసుపత్రిని 24 అంతస్తులుగా తలపెట్టారు. అంటే ఎన్ని లిఫ్టులో, ఇంకో ముప్పై ఏళ్లకి ఎవరో వాటిని తీయాలి.

చట్టం ఏమంటుందో కూడా చూశాను, ఎలాగూ నిద్ర పట్టలేదు కాబట్టి. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టంలో 'నిర్మాణం' అనే మాటకి అర్థం చెప్పేటప్పుడే కూల్చివేతని కూడా కలిపారు. మంచి పని. 1998 కేంద్ర నియమాల్లో కూల్చివేతకి విడిగా ఒక అధ్యాయముంది: తెలిసినవాడి పర్యవేక్షణ ఉండాలి, కరెంటు, గ్యాసు, నీటి లైన్లు ముందే కట్ చేయాలి. భారతీయ ప్రమాణాల్లో 4130 నంబరుది పూర్తిగా భవనాల కూల్చివేత భద్రతకే. పై అంతస్తు పని పూర్తయ్యాకే కింది అంతస్తు ఆధారాల్ని ముట్టుకోవాలని అంటుంది. మండపం దగ్గర పాటించిన సూత్రమే. ఇంత ఉంది కదా అని సంతోషించేలోపు చట్టం మొదటి సెక్షన్‌లోనే ఒక అంకె కనిపించింది: పదిమంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లుండే సంస్థకే అది వర్తించేది. 2020లో పార్లమెంటు పాత చట్టాలన్నీ కలిపి చేసిన వృత్తి భద్రత కోడ్‌లో కూడా ఆ పదిని కదిలించలేదు. పాత లిఫ్టు తీయడానికి పదిమంది ఎప్పుడొస్తారు? నలుగురొస్తారు. ఇరుకు బావిలో పదిమంది పట్టరు కూడా. మాది ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ 28వ సెక్షనూ వర్తించేది కాదు. బ్రిటన్‌లో 2015 నియమాల ప్రకారం ఏ కట్టడాన్ని కూల్చినా, విప్పినా, పని మొదలవ్వకముందే ఏర్పాట్లు రాతపూర్వకంగా ఉండాలి. పనివాళ్ల సంఖ్యతో పని లేదు. బరువుకి, తన కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే అలవాటు లేదు కదా.

మర్నాడు అసోసియేషన్ మీటింగులో పని ఆపాలన్నాను. వేరేవాళ్లని పిలవాలి, రాసిన ప్లాన్ ఉండాలి, దానికి స్క్రాప్ సర్దుబాటు కాకుండా విడిగా డబ్బివ్వాలి. రిటైర్డ్ లెక్కల మాస్టారొకాయన నిజంగానే అర్థం కాక అడిగారు: "పెట్టేదానికి ప్లాన్ గావాలె గని, తీసేదానికి ప్లానేంది బిడ్డా?" ఇంట్లో ఇంకా కష్టమైంది. "మీ అమ్మ ఇంకెన్ని రోజులు గట్లనే కూసోవాలె?" అన్నాడు బాపు. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను హైదరాబాద్ వెళ్లిపోతాను, మెట్లు వాళ్లవి. కుర్రాడి సంగతి చెప్పాను. బాపు కాసేపు ఊరుకుని, "వాని పేరేంది?" అన్నాడు. నేను అడగలేదు.

రెండో జట్టు దొరకడానికి మూడు వారాలైంది. వాళ్ల మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. మొదటిరోజంతా ఒక్క బోల్టూ విప్పలేదు, కాగితం మీద వరస రాశాడు. అన్ని అంతస్తుల్లో లిఫ్టు తలుపులకి అడ్డంగా పలకలు కొట్టించాడు, పిల్లలెవరూ తొంగి చూడకుండా. అడుగున గుంతలో నిలిచిన నీళ్లూ నూనె జిడ్డూ తోడించాడు. గ్యాస్ కట్టర్ వాడితే ఆ బావి పొగగొట్టంలా పనిచేస్తుందట, నిప్పురవ్వ జిడ్డు మీద పడితే మంట ఐదంతస్తులూ ఎక్కుతుంది. అందుకని కోసేంతసేపూ, కోసిన తర్వాత కూడా, ఒక మనిషి మంటలార్పే సిలిండర్‌తో కాపలా.

తర్వాత కరెంటు. మెయిన్ తీసి, స్విచ్ బాక్సుకి తాళమేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. అంతటితో ఆగలేదు. టెస్టర్‌ని ముందు కరెంటున్న మరో బోర్డు మీద పెట్టి వెలుగుతోందా చూశాడు. తర్వాత లిఫ్టు వైర్ల మీద పెట్టాడు, వెలగలేదు. మళ్లీ ఆ కరెంటున్న బోర్డు మీద పెట్టి చూశాడు, వెలిగింది. మూడుసార్లెందుకన్నా అని అడిగితే, వైరు చచ్చిందో టెస్టరే చచ్చిందో తెలియాలిగా అన్నాడు. "దింపుడు కళ్లం సార్. మూడుసార్లు పిలిస్తెనే గద, నిజంగ పోయిండా లేదా తెలిసేది."

మా తాతని తీసుకెళ్తుంటే దారి మధ్యలో పాడె దించి, బాపు వంగి చెవిలో మూడుసార్లు పిలవడం నేను చూశాను. దింపుడు కళ్లం ఆశ అనే మాటని మనం వ్యర్థమైన ఆశకే వాడతాం. ఆ ఆచారం ఎక్కడ పుట్టిందో గానీ, అది ఒక పరీక్ష కూడా అని నాకెప్పుడూ తట్టలేదు. చచ్చింది అనుకున్నదాన్ని చివరి అడుగు ముందు ఒకసారి నిలబెట్టి అడగడం. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటివుంటాయి. ఎవరూ వాడట్లేదని ఒక పాత సర్వర్ ఆపేస్తే, నెలాఖరుకి ఎక్కడో జీతాల ఫైలు ఆగిపోతుంది. కానీ అక్కడ ఎవరూ చావరు, మహా అయితే ఒక కాల్ మీద అరుస్తారు.

ఆ తర్వాత వరస ఇలా: డబ్బాని పై అంతస్తుకి తెచ్చారు. దాంతో దిమ్మలు అడుగుకి దిగాయి. వాటి కింద దిట్టమైన దుంగలు ఆనించారు. డబ్బాని పైనున్న దూలానికి రెండు చైన్ పుల్లీలతో, ఒకటి జారినా ఒకటుండేలా, వేలాడదీశారు. సేఫ్టీ గేరుని కూడా పట్టాలకి బిగించారు. ఇప్పుడు త్రాసు రెండు పళ్లేలూ వేటికవి ఆనుకుని ఉన్నాయి, తాళ్ల మీద ఏ భారమూ లేదు. తాళ్లు వదులయ్యాయని చేత్తో ఊపి చూశాకే వాటిని విప్పారు, ఒక్కొక్కటిగా. దిమ్మల్ని ఒక్కొక్కటీ బయటికి మోశారు. డబ్బా పైన నిలబడే ప్రతివాడికీ నడుముకి బెల్టు, ఆ బెల్టు తాడు డబ్బాకి కాదు, గోడలో దిగ్గొట్టిన కొక్కేనికి. మొత్తం ఆరు రోజులు. బాపు రోజూ మెట్ల మీద కుర్చీ వేసుకుని చూశాడు, నాకు ఫోన్లో రిపోర్టిచ్చేవాడు. మూడో రోజుకి "ఇయ్యాల రాజయ్య పట్టాలు దించుతుండు" అని పేర్లతో చెప్పడం మొదలుపెట్టాడు.

చివరి రోజు శనివారం, నేనూ ఉన్నాను. గేటు పక్కన పట్టాల ముక్కలు, బ్రాకెట్లు, దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతిదాని మీదా సుద్దముక్కతో నంబరు. తుక్కు కొనేవాడు వేబ్రిడ్జి మీద టన్నుల్లో తూచుకుని పోయే సరుకది. దానికి నంబర్లెందుకని మేస్త్రీని అడిగాను.

"కింది లెక్క తప్పితె, ఏదో ఒకటి ఇంక పైన్నే ఉన్నట్టు సార్," అన్నాడు. చేతిలో కాగితం చూసుకున్నాడు. ఒక బ్రాకెట్ తక్కువుంది. రాజయ్యని ఆగమని, టార్చి తీసుకుని తనే పైకెళ్లాడు.